వెల్లుల్లి దెబ్బకు కుదిరిన క్రాంకు

సహోదరులారా, సహోదరీలారా, ఈ సాక్ష్యాన్ని నా కుడిచెయ్యి పడిపోయిన ఉదయంతో మొదలుపెట్టాలి, ఎందుకంటే దేవుడు నాతో పని మొదలుపెట్టింది అక్కడే. బైలాడిలా కొండల కింద బచేలి బజారులో నాది మోటారుసైకిళ్లు బాగుచేసే రేకుల షెడ్డు. నాకు పెద్ద చదువు లేదు. భిన్నాలు, దశాంశాలు, గేజి మీద గీతలు చదవడం అన్నీ పని చేస్తూ, తప్పుతూ, సొంతంగా నేర్చుకున్నవే. ఆ ఉదయం చేతిలోని పానా జారి నేల మీద పడింది, వంగి తీయబోతే చెయ్యి రాలేదు, భార్యను పిలవబోతే నోరు ఒక పక్కకు పోయింది. పక్షవాతం అన్నారు. దేవుని దయవల్ల మాట తిరిగి వచ్చింది, కాలు తిరిగి వచ్చింది, కుడిచెయ్యి మాత్రం తడిగుడ్డలా వేలాడుతూ ఉండిపోయింది.

ఆ తర్వాత నేను షెడ్డు తాళం తీసి, లోపల కాసేపు కూర్చుని, గోడకున్న పానాలను సైజుల వరసలో చూసుకుని, మళ్లీ తాళం వేసి ఇంటికి వచ్చేవాణ్ణి. మోకాళ్లూనితే ప్రార్థన వచ్చేది కాదు, లెక్కలు వచ్చేవి. ఇంకా ఎన్నేళ్లు ఇలా, ఎవరికి బరువుగా, దేనికోసం అని. ఆ లెక్క త్వరగా ముగిసిపోతే బాగుండునని కోరుకున్న రోజులు కూడా ఉన్నాయి.

అలాంటి రోజుల్లో జోగయ్య వచ్చాడు. ఉసూర్ అవతలి అడవి పల్లెల్లో సువార్త చెప్పే మనిషి, నేను తమ్ముడని పిలుచుకునేవాడు. అతనికి సైడ్‌కార్ తగిలించిన పాత ఫట్‌ఫటీ మోటారుసైకిలు ఒకటి ఉంది, వయసులో అతనికంటే పెద్దది. అంబులెన్సు రాలేని దారుల్లో జ్వరపు మనుషులను, నిండు గర్భిణులను ఆ సైడ్‌కార్‌లో పడుకోబెట్టి ఆసుపత్రికి చేర్చేవాడు. ఈసారి బండి లేదు, భుజం మీద గోనెసంచి ఉంది.

"ఏం తెచ్చావు తమ్ముడూ, ఇప్పపువ్వా?" అన్నాను.

"ఇప్పపువ్వయితే ఇంత బరువు ఎందుకుంటదన్నా? బండి గుండెకాయ ఇది. మోగుతా మోగుతా దారిల పట్టేసింది" అని సంచి దించాడు. లోపల క్రాంకు షాఫ్టు.

"చెయ్యి చూశావుగా. నా వల్ల కాదు. కొత్త బండి చూసుకో."

"కొత్త బండ్లకు సైడ్‌కార్ ఏడ దొరుకుతదన్నా? మా కోడలికి నెలలు నిండినయి. పోయినసారి మంచం మీద మోసుకొచ్చినం. వాగు కాడికి రాకముందే కడుపులో బిడ్డ పోయింది. ఈసారి తల్లి కూడా దక్కదని నర్సమ్మ ముందే చెప్పింది, నొప్పులు రాకముందే తీసుకురమ్మన్నది." అంటూ బైలాడిలా కొండల మీది మబ్బు వైపు చూశాడు. నాకు అర్థమైంది. తొలి పెద్ద వాన పడితే వాగు పొంగుతుంది, వాగు పొంగితే సైడ్‌కార్ దాటదు.

ఈ పని తెలియని సహోదరీలకు ఒక మాట. పాత బండి క్రాంకు అంటే రెండు బరువైన ఇనుప చక్రాలు, వాటిని కలిపే ఒక పిన్ను, ఆ పిన్ను మీద తిరిగే రాడ్డు. జోగయ్య బండిలో పిన్ను మీద గుంటలు పడి బేరింగు నలిగిపోయింది. ఆ రకం కొత్త పిన్ను, రాడ్డు, బేరింగు నా పాత సరుకులో ఒక్క సెట్టు మిగిలి ఉంది, అది దేవుడు దాచి ఉంచిందే అని ఇప్పుడు నమ్ముతున్నాను. పక్క లేత్ షాపు ప్రెస్సులో పాత పిన్ను ఊడదీయించి కొత్తది ఎక్కించాం. అసలు కష్టం ఆ తర్వాతే. రెండు చక్రాలు ఒకే ఇరుసు మీద ఉన్నట్లు తిరగాలి. డయల్ గేజి మీద ఒక గీత అంటే మిల్లీమీటరులో నూరో వంతు. క్రాంకును స్టాండు మీద పెట్టి తిప్పితే సూది అయిదు గీతల లోపు ఊగాలి. మాది ఇరవై రెండు ఊగుతోంది. స్టాండు మీద నుంచి దించి, దిమ్మ మీద నిలబెట్టి, ఎత్తుగా ఉన్న చోట రాగి సుత్తితో కొట్టి, మళ్లీ ఎక్కించి చూడాలి.

"దీన్ని సీదా చేసే మిస్త్రీ తన సొంత గాఁవ్‌కు వెళ్లాడు భాయ్, జగదల్‌పూర్ పంపండి" అన్నాడు లేత్ షాపాయన. జగదల్‌పూర్ పంపితే అక్కడ వరసలో ఆగాలి. మబ్బు ఆగదు.

నేనే ఎడమచేత్తో కొట్టాను. దెబ్బ పక్కకు పడింది. గేజి పెడితే సూది ముప్పై ఒకటి చూపించింది. ఇలాంటిది ఇంకొకటి పడితే పిన్ను రంధ్రం వదులవుతుంది, ఆ చక్రాలకు మరో జోడీ ఎక్కడ దొరుకుతుందో నాకు తెలియదు. జోగయ్య నా ముఖం చూస్తున్నాడు. నేను సుత్తి కింద పెట్టి కళ్లు మూసుకున్నాను. "ప్రభువా, లెక్క నా దగ్గర ఉంచి చెయ్యి తీసుకున్నావు. చెయ్యి లేని లెక్క ఎవరికి పనికొస్తుంది? నా కోసం కాదు, ఆ తల్లి కోసం ఒక చెయ్యి ఇవ్వు" అని అడిగాను. నా చేతిలోకి బలం వస్తుందనే అనుకున్నాను సహోదరులారా, వేలు కూడా కదల్లేదు.

అన్నం క్యారేజీతో వచ్చిన మా ఇంటావిడ మార్తమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "ఏటండీ, అలా కూకుండిపోనారు? సుత్తి ఇలాగివ్వండి" అంది.

"దెబ్బ బరువు నీకేం తెలుసు?"

"ఇన్నేళ్లూ మీరు తిన్న కారం, పసుపు ఎవలు దంచినారు? మీ గేజీయా?"

జోగయ్య అంత దిగులులోనూ నవ్వాడు. నేను చక్రం మీద సుద్దతో గుర్తు పెట్టి, మోకాళ్ల మధ్య క్రాంకును నొక్కిపట్టి, "ఇక్కడ, కొంచెం గట్టిగా" అన్నాను.

"కొంచెం అంటే ఎంతండి? పసుపుకొమ్ముకా, మిరపకాయకా, ఎల్లుల్లికా?"

పసుపుకొమ్ముకు భుజం అంతా దిగాలి, మిరపకాయకు మోచెయ్యి చాలు, వెల్లుల్లికి మణికట్టు వదిలితే సరి, లేకపోతే రోట్లోంచి ఎగిరిపోతుంది. నేను ఏ గేజితోనూ కొలవలేని దానికి ఆమె దగ్గర కొలత ఉంది.

"పసుపుకొమ్ము" అన్నాను. కొట్టింది. సూది పదిహేడుకు దిగింది. గుర్తు మార్చి "మిరపకాయ" అన్నాను, తొమ్మిదికి వచ్చింది. బయట ఉరిమింది.

"చాలదా అన్నా? బస్సు పోతది" అన్నాడు జోగయ్య.

చాలదు. తొమ్మిది మీద కొత్త బేరింగు నడి అడవిలో మళ్లీ పట్టేస్తుంది, అప్పుడు సైడ్‌కార్‌లో అతని కోడలు ఉంటుంది. తల అడ్డంగా ఊపాను. "వెల్లుల్లి" అన్నాను. ఆరు. ఇక్కడ ఎక్కువైతే సూది అవతలి వైపుకు పోతుంది. మార్తమ్మ సుత్తి ఎత్తి ఆగిపోయింది, చెమట చెయ్యి కొంగుకు తుడుచుకుంది, పెదవులు కదిలాయి, ప్రార్థనే చేసి ఉంటుంది. "చిన్న పాయా, పెద్ద పాయా?" అని అడిగింది. "చిన్నది" అన్నాను. సుత్తి తన బరువుతో తానే వాలినట్టు పడింది. గేజి పెట్టి తిప్పాను, నమ్మలేక మళ్లీ తిప్పాను. మూడు గీతలు. రేకుల మీద చినుకులు మొదలయ్యాయి.

జోగయ్య సంచి భుజాన వేసుకుని బస్సు కోసం పరుగెత్తాడు. ఆ తర్వాత వాన పట్టుకుంది. అతని ఊళ్లో ఫోను అందదు. ఇంజను బిగించడానికి ఎంత సమయం, వాగు ఎంత లోతు అని కట్టిన లెక్కలన్నీ తప్పుతుంటే, మార్తమ్మ నా పడిపోయిన చెయ్యి తన ఒడిలో పెట్టుకుని ప్రార్థన చేసింది. ఆ చెయ్యి పడిపోయాక మొదటిసారి నేను లెక్క పక్కన పెట్టి ఆమేన్ అన్నాను.

ఆసుపత్రి నుంచి జోగయ్య ఫోను వచ్చినప్పుడు కోడలి సంగతి అడగడానికి భయమేసి, "ఇంజనులో మోత ఏమైనా ఉందా?" అన్నాను.

"బండికేంది అన్నా, గుర్రం లెక్క వచ్చింది. నీళ్లు సైడ్‌కార్ అడుగు తాకినయి, ఇంజను మాత్రం ఆగలే. కోడలి ముచ్చట అడగవేంది? ఆడపిల్ల. తల్లీబిడ్డా మంచిగున్నరు" అన్నాడు. వెనక ఆ పసిపిల్ల ఏడుపు వినిపించింది. మార్తమ్మ నా చేతిలోంచి ఫోను లాక్కుని తను కూడా వింది. దేవునికే మహిమ.

సహోదరులారా, నా కుడిచెయ్యి ఇంకా పూర్తిగా రాలేదు, రెండు వేళ్లు మాత్రం కదులుతున్నాయి. కానీ చావు కోరుకున్న ఆ చీకటిలోంచి ప్రభువు నన్ను ఆ దినమే బయటికి తీశాడు. షెడ్డు మళ్లీ తెరిచాం. నేను గీతలు చదువుతాను, ఆమె దెబ్బ వేస్తుంది. నేను ఒక చెయ్యి అడిగాను, ఆయన ఇచ్చాడు. నాది బాగుచేస్తాడని చూస్తూ కూర్చున్నందువల్ల, అన్నం క్యారేజీ పట్టుకుని గుమ్మంలో నిలబడిన చెయ్యి నాకు కనబడలేదు. మీలో ఏదైనా పడిపోయినవాళ్లు, ఇక పనికిరామని తాళం వేసుకుని కూర్చున్నవాళ్లు ఉంటే, ఆయనను అడగండి. అడిగి కళ్లు తెరిచి గుమ్మం వైపు చూడండి.