మఫ్లర్ కింద దూది

ఆ రోజుల్లో, అంటే ఎనభైల చివర, చలికాలం పొద్దున ఐదున్నరకు మా మేనమామ ఇంటి ముందు హాజరయ్యేవి ఇవి: నేను, నా సైకిలు, ఉన్ని మంకీ క్యాపు ఒకటి, మఫ్లరు ఒకటి, రెండు దూది ఉండలు, వీటన్నిటినీ నా తలకు సరిగ్గా పట్టించే బాధ్యత తనదనుకునే మా అత్త. (మామ నిద్రలో ఉండేవాడు కాబట్టి లెక్కలోకి రాడు.) మాది సూర్యాపేట. పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా అయ్యాక మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో మూడు నెలల షరతు మీద పనికి కుదిరాను. మూడు నెలల తర్వాత పనికొస్తే ఉండాలి, లేకపోతే బస్సెక్కాలి. నేనుండే మామ ఇంటి నుంచి మిల్లు ఆరు కిలోమీటర్లు, అందులో రెండు సాగర్ కాలువ గట్టు మీద. సైకిలు మీద పోయేవాడికి గాలి రెండు రకాలు: దానంతట అది వీచేది, మనం తొక్కి తెచ్చుకునేది. చలికి భయపడి ఎంత గట్టిగా తొక్కితే అంత చలి. ఈ సంగతి నాకు చదువు వల్ల కాదు, చెవుల వల్ల తెలిసింది.

మొదటి వారం తువ్వాల చుట్టుకున్నాను. కాలువ మలుపు దగ్గర అది ఊడి మెడలోకి జారేది. తర్వాత మఫ్లరును గడ్డం కింద నుంచి తెచ్చి నడినెత్తిన ముడేస్తే, ఎదురొచ్చిన వాళ్లలో సగం మంది పన్ను నొప్పా అని అడిగేవారు. మంకీ క్యాపు వెచ్చగానే ఉండేది గానీ, వెనక లారీ వస్తోందేమోనని తల తిప్పితే తల మాత్రమే తిరిగేది, టోపీ తిరిగేది కాదు. లారీ బదులు ఉన్ని కనిపించేది. చివరికి అత్త సలహాతో ఒక పద్ధతి ఖాయం చేశాను. ముందు చెవుల్లో దూది, దాని మీద క్యాపు, దాని మీద మఫ్లరు. మిల్లు చేరాక మఫ్లరు, క్యాపు వరసగా తీసేవాణ్ణి. క్యాపు లాగగానే పొడి దూది దానికి అంటుకుని తనే వచ్చేసేది. అందుకని విప్పే పద్ధతిలో రెండు మెట్లే ఉండేవి.

మా మిల్లులో పొద్దున వడ్లు పొయ్యకముందు యంత్రాలన్నీ ఖాళీగా తిప్పేవారు. పెద్ద మేస్త్రి మూరెడు వెదురు గొట్టం ఒక కొస బేరింగు మీద, రెండో కొస చెవి దగ్గర పెట్టుకుని ఒక్కో బేరింగూ వినేవాడు. బాగుంటే దాని మీద సుద్దముక్కతో అడ్డగీత, బాగా లేకపోతే సున్నా. మొత్తం పదకొండు బేరింగులు. ఆయన చెవి మీద మిల్లు యజమాని సేటుకు ఎంత నమ్మకమంటే, ఆయన సున్నా పెడితే మిల్లు ఆగేది. నేను చేరిన రోజే మేస్త్రి నన్ను ఎగాదిగా చూసి, "ఇంజనీరు సాబ్, బేరింగు ఎట్ల ఏడుస్తదో మీ బుక్కుల రాసిర్రా?" అని అడిగాడు. రాయలేదని నిజమే చెప్పాను. మూడు నెలలు ఆయన వెనకే తిరిగాను. ఆఖరి రోజు గొట్టమూ సుద్దముక్కా నా చేతికిస్తారనీ, నా వెనక మేస్త్రి సరిచూస్తాడనీ, సేటు పక్కనే ఉంటాడనీ ముందే తెలుసు.

ఆ ముందు రోజు రాత్రి నాకు చెవిపోటు. పొద్దున అత్త దూదిని గోరువెచ్చని నువ్వుల నూనెలో ముంచి, "కదలకు అల్లుడా, గాలి సొరకుండ పెడుతున్న" అంటూ వేలితో లోపలికంటా కూరింది.

మిల్లు చేరి మఫ్లరు తీశాను, క్యాపు తీశాను. రెండు మెట్లూ అయిపోయాయి. చెవులు మొద్దుబారినట్టున్నాయి, చలికి రోజూ అట్లాగే ఉండేవి. మోటారు వేశారు. యంత్రాలు అంత మెత్తగా తిరగడం అంతకుముందెప్పుడూ వినలేదు. నిన్న నేను దగ్గరుండి పెట్టించిన గ్రీజు మహిమ అనుకుని లోలోపల సంతోషించాను. గొట్టం పట్టుకుని ఒకటో బేరింగు నుంచి పదకొండో దాని దాకా పోయి, పదకొండు అడ్డగీతలు, స్కేలు పెట్టినట్టు గీశాను. వెనక సేటు రెండుసార్లు పిలిచాడట. నేను తిరిగి చూడలేదు. (పనిలో మునిగిపోయాననుకున్నాడట, అది నాకు కలిసొచ్చింది.)

నా వెనక ఒక్కోటీ సరిచూస్తూ వచ్చిన మేస్త్రి ఏడో బేరింగు దగ్గర ఆగాడు. గొట్టం కూడా పెట్టలేదు. అక్కడ్నించి నా దగ్గరికొచ్చి, గడ్డం పట్టుకుని నా మొహం వెలుతురు వైపు తిప్పి, రెండు వేళ్లతో ఒక చెవిలోంచీ, తర్వాత రెండో చెవిలోంచీ నూనె దూది బయటికి లాగాడు. మిల్లంతా ఒక్కసారిగా నా తలలోకి వచ్చిపడింది. అందులో ఏడో బేరింగు కీచుమని అరుస్తోంది.

"బేరింగు మంచిగనే మొత్తుకుంటుంది సాబ్," అన్నాడు మేస్త్రి. "నువ్వే తలుపులేసుకొని కూసున్నవ్."

హమాలీలు నవ్వారు. సేటు నవ్వలేదు. ఇట్లయితే కష్టమన్నట్టు మేస్త్రి వైపు చూశాడు. నేను ఇంకొక్కసారి తిరుగుతానని అడిగి, జవాబు వచ్చేలోపే తువ్వాలతో పదకొండు గీతలూ తుడిచేసి మొదటి నుంచి మొదలుపెట్టాను. ఏడో దాని మీద సున్నా పెట్టాను. అందులో గొప్పేం లేదు, అది రోడ్డు మీదికి కూడా వినిపిస్తోంది. కానీ నాలుగో దాని మీద కూడా సున్నా పెట్టాను. లోపల ఇసుక నమిలినట్టు సన్నటి చప్పుడు. ఆ నాలుగో దాన్ని కాసేపటి కిందటే మేస్త్రి సరిచూసి, బాగుందని వదిలేశాడు.

ఆయన గొట్టం తీసుకుని వంగాడు. విన్నాడు. రెండో చెవికి మార్చి విన్నాడు. మోటారు బందు చేయించి, షాఫ్టు చేత్తో తిప్పి, బేరింగు మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు ఉన్నాడు. ఆయన చేతి కింద అది గరగరమన్నదని ఆయన మొహం చూస్తే తెలిసింది.

"చప్పుడున్నది సేటూ," అన్నాడు. "పోరడు ఉండనీ. పనికొస్తడు."

ఆ మర్నాటి నుంచి ఇద్దరం కలిసే తిరిగేవాళ్లం. గొట్టం ముందు నాకిచ్చి, నేనేమంటానో విన్నాకే సుద్దముక్క తీసేవాడు. గీత మాత్రం ఆయనే గీసేవాడు. అప్పట్లో అది నా తెలివికి దక్కిన గౌరవమనుకుని, ఇంటికి పోయి అత్తకు గొప్పగా చెప్పుకున్నాను కూడా. సన్నటి చప్పుళ్లు ఆయనకు వినిపించడం లేదనీ, నన్ను చెవిగా వాడుకుంటున్నాడనీ అర్థం కావడానికి నాకు ఇంకో ఏడాది పట్టింది. అర్థమయ్యాక కూడా ఆ గొట్టం అట్లాగే అందుకున్నాను.

నా పరీక్ష రోజు మిల్లు మూడు గంటలు ఆలస్యంగా మొదలైంది. మార్చిన బేరింగులు రెండు.