దేవదాసయ్యగారి ఉదయకాలపు తిట్లు

దేవదాసయ్యగారికి కోపం వచ్చేది కాదు, ఉండేది. మనకు ముక్కు ఉన్నట్టు. నిద్రలో కూడా ఆయన కనుబొమలు ముడిపడే ఉంటాయని, గదిలో మంచినీళ్ళు పెట్టడానికి వెళ్ళిన మా ఆవిడ ఇందుజ చూసి వచ్చి చెప్పింది. ఆయన దీవించినా ఎవరి మీదో కేసు పెడుతున్నట్టే ఉండేది. "ప్రభువు నిన్ను సల్లగ సూడాలె" అని నెత్తిన చెయ్యి పెడితే పిల్లలు గుక్కపట్టి ఏడ్చేవారు.

జగిత్యాల దగ్గర పల్లె ఆయనది. మూడు రోజుల కూటాల్లో ప్రసంగించడానికి 2020 మార్చిలో సూరత్ వచ్చారు. డిండోలిలో మా తెలుగు క్రైస్తవ సంఘం చిన్నది, నలభై కుటుంబాలు. చాలామంది మరమగ్గాల మీదో, పాండేసర అద్దకం మిల్లుల్లోనో పనిచేసేవాళ్ళు. నేను ఉధ్నా స్టేషన్లో పార్సిల్ గుమస్తాని. మా ఇంట్లో ఓ గది ఖాళీగా ఉందన్న నేరానికి సంఘ పెద్ద లింగమూర్తి ఆయన్ని తెచ్చి మా ఇంట్లో దింపాడు.

"మూడు దినాలే సార్. జర ఓపిక పట్టుర్రి" అన్నాడు.

ఆ ఓపిక డెబ్బై ఎనిమిది రోజులు పట్టాల్సి వచ్చింది.

మొదటి రోజు పాపం గురించి చెప్పారు. రెండో రోజు నరకం. అది ఎంత బాగా చెప్పారంటే, పదిహేనేళ్ళుగా అద్దకం మిల్లు బాయిలర్ పక్కన పనిచేస్తున్నవాళ్ళకి కూడా చెమటలు పట్టాయి. మూడో రోజు ఆదివారం. ఆ రోజు దేశమంతా జనతా కర్ఫ్యూ. తరవాత రెండు రోజులకే లాక్‌డౌన్.

అయ్యగారు మా హాల్లో ఆ మూల నుంచి ఈ మూలకి తిరుగుతూ మండిపడ్డారు. "గిదేం పద్ధతి! క్షమాపణ మూడో దినానికి పెట్టుకున్న గద నేను!"

సంఘమంతా నరకం దగ్గరే ఆగిపోయింది. మిల్లులు మూతపడి, పది అడుగుల గదుల్లో ఐదుగురేసి కూర్చుని, దాని గురించే ఆలోచిస్తున్నారు. వారం తిరక్కుండా లింగమూర్తి నాకు ఫోన్ చేశాడు. "సార్, మనోళ్ళు పరేషాన్ల ఉన్నరు. గా క్షమాపణ గూడ జర చెప్పిస్తే మంచిగుంటది."

ఫోన్లన్నీ కలిపి ఒకే కాల్‌లో ప్రసంగం ఏర్పాటు చేశాం. అయ్యగారు గొంతు సవరించుకుని, ఆయనకి చేతనైనంత మెత్తగా మొదలుపెట్టారు. "క్షమాపణ అంటే ఏందయ్యా..."

ఎవరింట్లోనో కుక్కర్ కూత వేసింది.

"ఎవరింట్లరా గది?"

అందరూ ఊపిరి బిగబట్టారు. కుక్కర్ బిగబట్టలేదు.

"ఎల్లవ్వా, గది నీదే, నాకెరుకే! క్షమాపణకు గూడ ఓ హద్దుంటది. మూడు సీటీలు, గంతే!"

ఆ విధంగా మా సంఘం క్షమాపణ పొందింది.

అక్కడితో ఆగి ఉంటే నేనూ క్షమించేవాణ్ణి. కానీ ఆయన రోజూ పొద్దున్నే ఆరింటికి ఫోన్ అందుకోవడం మొదలుపెట్టారు. తన ఫోన్ రెండో వారమే పాడైపోయింది, కాబట్టి నా ఫోన్, అదీ స్పీకరు పెట్టి. రోజుకో పదిళ్ళు. "ఉదయకాల ప్రార్థన" అని పేరు. ప్రార్థన ఒక నిమిషం, ముందు పది నిమిషాలు తిట్లు. మా గోడలు పల్చన. ఎదురింటి గుజరాతీ ఆయన ఒకరోజు మాస్కు కిందికి దించి, "మీ ఇంట్లో రోజూ గొడవేనా?" అని జాలిగా అడిగాడు. కాదండీ, ప్రార్థన అన్నాను. నమ్మలేదు.

సమ్మక్క అని సంఘంలో ఓ సోదరి. ఒకరోజు ఆమెకి చేస్తే భర్త రాజలింగం ఎత్తాడు. అతను పాండేసరలో రంగుల మిల్లు మనిషి. సంఘం గడప ఎన్నడూ తొక్కినవాడు కాదు.

"ఎవర్రా?"

"రాజలింగాన్ని. సమ్మక్క పెనిమిటిని. నేను మీ దాంట్ల లేనండీ."

"నేనడిగిన్నా? రాత్రి ఏం తిన్నవ్?"

"తిన్నం."

"ఏం తిన్నవంటున్న!"

"పేలాలు."

"పోరగాండ్లు?"

"ఆళ్ళు గూడ గవే."

"గాడిదా! గీ మాట చెప్పనీకి నోరు పడిపోయిందా? సిగ్గుండాలె!"

నాకు ఒళ్ళు మండింది. తిండి లేనివాణ్ణి పట్టుకుని సిగ్గు లేదనడమేమిటి? ఆ వెంటనే లింగమూర్తికి ఫోన్ చేసి అతన్నీ అరగంట ఉతికారు. అదేమిటో వినే ఓపిక లేక నేను డ్యూటీకి వెళ్ళిపోయాను.

మే మొదటివారంలో రాజలింగానికి జ్వరం వచ్చింది. పరీక్ష చేశారు, కరోనా. అంబులెన్సు వచ్చి తీసుకుపోయింది. గంట గడవకముందే సమ్మక్క ఫోన్. "అయ్యగారూ, ఖోలీ ఖాలీ చెయ్యమంటుర్రు. పిల్లలనేసుకుని యాడికి పోవాలె?"

అయ్యగారు చెప్పుల్లో కాళ్ళు దూర్చారు. లాక్‌డౌన్‌లో బయట తిరగడానికి నాకు రైల్వే ఇచ్చిన పాసు ఉంది కాబట్టి స్కూటరు మీద నేనే తీసుకెళ్ళాను. గది యజమానురాలు డెబ్బై ఏళ్ళ గుజరాతీ ముసలావిడ. వీధంతా ఆవిణ్ణి బా అంటారు, అమ్మ అని. మెట్ల మీద నిలబడి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఖోలీ ఖాలీ కరో!" అని అరుస్తోంది. వెనక పదిమంది వంతపాడుతున్నారు. గదిలో సమ్మక్క పిల్లలిద్దర్నీ పొదువుకుని కూర్చుని ఉంది.

అయ్యగారు వీధి మధ్యలో నిలబడి మొదలుపెట్టారు.

"ఏందమ్మా, మనిషివేనా నువ్వు? ఆమె పెనిమిటి దవాఖానల ఉండె. పసిపోరగాండ్లు. ఏ రోడ్డు మీద పడెయ్యమంటవ్? నీకు బిడ్డలు లేరా?"

బా గుజరాతీలో అంతకన్నా గట్టిగా అందుకుంది. ఆవిడకి తెలుగు ముక్క రాదు, ఈయనకి గుజరాతీ ముక్క రాదు. అయినా ఇరవై నిమిషాల పాటు ఒకరికొకరు జవాబులు చెప్పుకున్నారు, ఎక్కడా తడబడకుండా. వెనకున్న పదిమంది అరవడం మానేసి చూస్తున్నారు. ఎండ నెత్తి మీదికొచ్చింది. చివరికి అయ్యగారి గొంతు పోయింది. నోరు ఆడుతోంది, మాట రావట్లేదు.

బా లోపలికెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి, దూరంగా మెట్టు మీద పెట్టి వెనక్కి జరిగింది. ఆయన తాగి, చెంబు కడిగి, అక్కడే పెట్టి మళ్ళీ తిట్టారు. ఈసారి కొంచెం తక్కువ.

"ఈయన ఆమెకి ఏమవుతాడు?" అని బా నన్ను అడిగింది.

"ఏమీ కాడు. ప్రసంగీకుడు. ఊరు నుంచి వచ్చి ఇక్కడ ఇరుక్కుపోయాడు."

"ఏమీ కానివాడా ఇంతసేపు అరిచింది?" అని బా ఆయన్ని ఎగాదిగా చూసింది. వెనక్కి తిరిగి జనాన్ని ఇళ్ళకి పొమ్మంది. పధ్నాలుగు రోజులు తలుపు వేసుకుని ఉంటే చాలు, నీళ్ళు గుమ్మం దగ్గర తనే పెడతానంది. అదీ కోపంగానే అంది.

దారిలో ఆయన్ని మెచ్చుకుందామనుకున్నాను. స్కూటరు గతుకులో పడింది. ఇంటిదాకా నన్ను తిట్టారు.

మర్నాటి నుంచి ఉదయకాల ప్రార్థనంతా ఆసుపత్రి వార్డుకి మళ్ళింది. పొద్దున్న ఆరింటికి, మంచం మీద ఆయాసపడుతున్న రాజలింగానికి ఫోన్. "తిన్నవా? ఎందుకు తినలే? రుచి లేకుంటే? రుచి కోసం తింటవారా నువ్వు? నవాబువా?" ఇలా అరగంట. అవతల దగ్గు వినిపిస్తూ ఉండేది.

నాలుగో రోజు ఇక ఆగలేకపోయాను. చేతిలోంచి ఫోన్ లాక్కున్నాను.

"మనిషి ఊపిరి కోసం కొట్టుకుంటుంటే తిడతారా? మీరు దైవసేవకులా, ఫ్యాక్టరీ మేస్త్రీనా? రెండు నెలల నుంచి వింటున్నాను. ఒక్కరితోనైనా ఒక్క మంచి మాట అన్నారా? ఇక నా ఫోన్ ముట్టుకోకండి!"

నేను అంత గట్టిగా అరవగలనని నాకే తెలియదు. వంటింట్లోంచి ఇందుజ గరిటెతో సహా వచ్చి నిలబడిపోయింది. అయ్యగారు నన్ను చూశారు. మొదటిసారి ఆయన ముఖంలో కోపం కనిపించలేదు. అదేమీ బాగాలేదు.

"సరే, రైల్వే సారూ" అని గదిలోకెళ్ళి తలుపు వేసుకున్నారు.

మర్నాడు ఆరింటికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఆ మర్నాడూ అంతే. కూరలో ఉప్పు మరిచిపోయినా ఆయన ఏమీ అనలేదని ఇందుజ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

మూడో రోజు పొద్దున నా ఫోన్ మోగింది. తెలియని గొంతు, హిందీ.

"అన్నా, ఆ కోపం బాబా లేరా? ఒంట్లో బాగాలేదా?"

"మీరెవరు?"

"తొమ్మిదో నంబరు మంచం. మాది ఒడిశా, గంజాం. రాజలింగం పక్క మంచమే నాది. రెండు రోజులుగా వీడు తినట్లేదు. అన్నం మట్టిలా ఉందంటాడు. మాకూ అంతే. కానీ బాబా అరిస్తే వీడు భయపడి తినేవాడు. స్పీకరు పెట్టేవాడు కదా, మేమూ తినేవాళ్ళం. మా ఇంటివాళ్ళకి ఫోన్ చేస్తే ఏడుస్తారన్నా. మేము తినలేదని కోప్పడే మనిషి ఆయనొక్కడే."

వెళ్ళి తలుపు కొట్టాను. "రాజలింగం రెండు రోజులుగా తినట్లేదట."

తలుపు తీసిన మనిషి ముఖం చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. కనుబొమలు ముడిపడి ఉన్నాయి.

"రాజలింగం! ఏందిరా, ఉపాసముంటున్నవా? ఎవలనడిగి? గిన్నె తియ్యి. బుక్క పెట్టు. నములు! నమిలే సప్పుడు నాకినబడాలె!"

అవతల స్టీలు చప్పుడు. ఇంకో గొంతు: "బాబా, హమ్‌కో భీ."

"ఏమంటుండు?"

"తననీ తిట్టమంటున్నాడు."

"తెలుగొస్తదా ఆనికి?"

"రాదు."

అయ్యగారు ఒక్క క్షణం ఆలోచించారు. "నీకేం రోగంరా..." అని మొదలుపెట్టి, ఆగి, "సరే, రోగమే గద. తిను!" అని గర్జించారు. వార్డులో నవ్వులు, దగ్గులు, కంచాల చప్పుడు.

ఫోన్ పెట్టాక నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. "నన్ను క్షమించాలి. నాకు తెలియలేదు."

"ఎట్ల తెలుస్తది? వినకుండనే డ్యూటీకి ఉరుకుతవ్. మెల్లగ అడిగితే 'మంచిగున్నం అయ్యగారూ' అంటరు. నలభై ఇండ్లు, నలభై అబద్ధాలు. కోపం జేస్తే నిజం బయట పడ్తది. గప్పుడు లింగమూర్తిని నాలుగు తిడితే బియ్యం పప్పు ఆ ఇంటికి పోతయ్. ఇది గూడ చెప్పాల్నా? గుమస్తా కొలువు నీకెవలిచ్చిర్రు?"

తరవాత లింగమూర్తిని అడిగితే తలూపాడు. పేలాలు తిన్నామన్న రోజు మధ్యాహ్నానికే రాజలింగం ఇంటికి బియ్యం చేరాయట. అలా పదిహేడిళ్ళు. ఎవరికీ చెప్పొద్దని కూడా అయ్యగారు అతన్ని తిట్టారట.

రాజలింగం బతికి బయటపడ్డాడు. సంఘానికి మాత్రం ఇప్పటికీ రాడు. జూన్‌లో రైళ్ళు ఒకటొకటిగా మొదలయ్యాక, ముంబైలో మారి వెళ్ళేలా అయ్యగారికి టికెట్టు దొరికింది. కొత్త ఫోను కూడా కొనిచ్చాం. స్టేషన్ బయట ఎండలో రాజలింగం నిలబడి ఉన్నాడు, ఎముకల గూడులా.

"జరం తగ్గి నెల గాలె. ఎండల నీకేం పనిరా?"

"తొమ్మిదో నంబరాయన ఫోన్ చేసిండు అయ్యగారూ. ఊరికి చేరిండట. బడిల పద్నాలుగు దినాలు ఒక్కన్నే ఉంచిర్రట. మీ నంబర్ అడుగుతుండు."

"ఎందుకు?"

"ఆడ ఎవలు తిడ్తలేరట."

అయ్యగారు కండువాతో ముఖం గట్టిగా తుడుచుకున్నారు. "గంత పెద్ద ఊర్ల ఒక్క మనిషి లేడా? అంత నేనే సూడాల్నా? ఇయ్యి నంబర్!"

సీటులో కూర్చుని బ్యాగు పైన పెట్టకముందే ఫోన్ చెవిన పెట్టారు. మాస్కు లోంచి ఆ అరుపు పెట్టె చివరిదాకా వినిపించింది. ఎదుటి సీటాయన లేచి వేరే చోటికి వెళ్ళాడు. రైలు కదిలినా, ప్లాట్‌ఫారం దాటిపోతున్నా, కిటికీలో ఆయన చెయ్యి గాలిలో ఎవరినో బెదిరిస్తూనే ఉంది. అవతలివాడికి తెలుగు ఒక్క ముక్క రాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.