పారబోసే బకెట్టు

మా కొండ మీదికి వచ్చేవాళ్లలో సగం మంది ఫొటోల కోసం వస్తారు. మిగతా సగం గ్లాసులో ముక్కు దూర్చి, ఏదో కనిపెట్టినట్టు మొహం పెట్టడానికి వస్తారు. వాళ్లకు వైన్ పోయడం నా పని. వాళ్లను ద్రాక్ష తోటలో, పీపాల గదిలో తిప్పి, చివరికి నా బల్ల దగ్గరికి తోలుకొచ్చేది గైడమ్మ. అసలు పేరు ఎవరికీ పట్టదు. మేనేజరు కూడా గైడమ్మా అనే పిలుస్తాడు.

మనిషి పొట్టి, గొంతు మాత్రం కొండ కిందికి వినిపిస్తుంది. ఇదివరకు బట్టల కొట్లో బిల్లులు రాసేదట. "నోరు కట్టేసినట్టుండేదన్నా" అని ఒకసారి నాతో అంది. ఇక్కడికొచ్చాక ఆ నోటికి విడుదల దొరికింది. మట్టి గురించి, ద్రాక్ష గింజలోని వగరు గురించి ఆమె చెబుతుంటే, రోజూ వినే నేనే చెయ్యి ఆపి వింటాను. ఈ పనంటే ఆమెకు ప్రాణం.

ఒక్కటే చిక్కు. ఇంట్లో అత్తగారికి చెప్పింది 'తోట ఆఫీసులో ఉద్యోగం' అని. ఆ అత్తగారి భర్త తాగి తాగి పోయాడు. ఆవిడ కుట్టుమిషను తొక్కి కొడుకును పెంచింది. ఇప్పుడు మనవరాలిని కంటికి రెప్పలా చూసుకుంటోంది కాబట్టే గైడమ్మ పనికి రాగలుగుతోంది. ఆ ఇంట్లో మందు వాసనే కాదు, మందు అన్న మాట కూడా గుమ్మం దాటి లోపలికి రాకూడదు. అందుకే గైడమ్మ సాయంత్రం లవంగం నములుతూ బస్సెక్కేది.

ఎదురింటావిడ చుట్టాలతో టూరుకొచ్చి, తిరిగెళ్లి ఉప్పందించింది. అత్తగారు అరవలేదు. "నేనొచ్చి నా కళ్లతో చూస్తా. నేననుకున్నదే అయితే ఆ రోజుతో నువ్వు మానేస్తావు" అంది. ఆవిడ మాటంటే మాటే.

అత్తగారు వచ్చే రోజు ఉదయం గైడమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. మా దగ్గర ఒక పద్ధతుంది. అందరికంటే ముందు గైడే ఒక గుక్క నోట్లో పోసుకుని, పుక్కిలించి, బల్ల పక్కనున్న స్టీలు బకెట్లో ఉమ్మేసి చూపించాలి. రుచి చూస్తే చాలు, మింగనక్కర్లేదు. గ్లాసులో మిగిలింది కూడా ఆ బకెట్లోనే పారబోయొచ్చు.

"నీకు ద్రాక్ష రసం పోస్తాలే. ఆవిడకేం తెలుస్తుంది?" అన్నాను.

"వద్దన్నా. దాచినందుకే ఇంత దూరం వచ్చింది" అంది.

అత్తగారు చేతిసంచి గుండెకు అదుముకుని గుంపులో అందరికంటే వెనక నడిచింది. బల్ల దగ్గరికి రాగానే, అలవాటు కొద్దీ ఆవిడ చేతిలోనూ గ్లాసు పెట్టి పోసేశాను. పోశాక నాలుక కరుచుకున్నాను. ఆవిడ వెనక్కివ్వలేదు. పామును పట్టుకున్నట్టు దూరంగా పట్టుకుని నిలబడింది.

గైడమ్మ గ్లాసెత్తింది. అత్తగారిని చూస్తూనే ఒక గుక్క నోట్లో పోసుకుంది. అత్తగారు కళ్లు మూసుకుంది. బకెట్లో ఉమ్మిన చప్పుడుకు తెరిచింది. ఆ తర్వాత ఒక్కొక్కరూ వెళ్లి ఉమ్మారు. కోటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన "నాకు పుల్లగా ఉందమ్మా" అంటూ గ్లాసు మొత్తం వంచేశాడు. గైడమ్మ నవ్వి తలూపింది.

జనం ఫొటోలకు బయటికి వెళ్లాక, అత్తగారు బకెట్ దగ్గరికొచ్చి లోపలికి తొంగి చూసింది.

"అతను అంతా పారబోశాడు. ఎవరూ ఏమీ అనలేదే?"

"ఎందుకంటారత్తయ్యా? బకెట్టు పెట్టిందే అందుకు."

"మీ మామగారి గ్లాసు నేనొకసారి పారబోశాను. ఒక్కసారే." ఆవిడ ఎడమ మణికట్టు తడుముకుంది. అది వంకరగా అతుక్కుని ఉండటం నేను అప్పుడే చూశాను. "మళ్లీ ధైర్యం చెయ్యలేదు."

నాకు ఏడుపొచ్చింది, దాచడమెందుకు. అత్తగారు చేతిలోని గ్లాసును మెల్లగా, చివరి చుక్క దాకా బకెట్లోకి వంచింది. ఎవరైనా వస్తున్నారేమోనని గుమ్మం వైపు చూసింది. ఎవరూ రాలేదు. అప్పుడు ఖాళీ గ్లాసు నా ముందుకు చాపింది.

"ఇంకోటి పొయ్యి నాయనా."

గ్లాసుకు రెండు వేళ్ల ఎత్తు మించి పోయకూడదని మేనేజరు ఆర్డరు. నేను నిండా పోశాను. అదీ పారబోసింది. గ్లాసు బల్ల మీద పెట్టి, కోడలి వైపు తిరిగింది.

"రేపు నీ బస్సు ఎన్నింటికే? పిల్లకు జడ నేను వేస్తాలే."