శ్రుతి పెంచలయ్య

ఆత్మకూరు బస్టాండు వెనక నా ఫోటో స్టూడియో. దాని పక్కనే లిఖిత మిక్సీలు, టీవీలు బాగుచేసే కొట్టు. పెళ్ళిళ్ళకు తిరిగేవాణ్ణి కాబట్టి చుట్టుపక్కల సన్నాయి మేళాలన్నీ నాకు తెలుసు. మేళంలో ఎవరిని ముందు నిలబెట్టి ఫోటో తియ్యమంటారో, ఎవరిని అసలు తియ్యమనరో కూడా తెలుసు. లిఖిత వాళ్ళ నాన్న పెంచలయ్య ఆ రెండో రకం.

ఆయనది ఉదయగిరి. జనార్దనయ్య మేళంలో శ్రుతి సన్నాయి ఊదేవాడు. పెద్ద సన్నాయి రాగాలన్నీ పలుకుతుంటే, శ్రుతి సన్నాయి ఒకే స్వరాన్ని పెళ్ళి అయ్యేదాకా తెగకుండా పట్టుకుని ఉండాలి. మైకులో సన్నాయి ఫలానా, డోలు ఫలానా అని పేర్లు చదివేవాళ్ళు. శ్రుతి పేరు ఎవరూ చదవరు. తర్వాత అరచేతిలో పట్టే కరెంటు శ్రుతి పెట్టె వచ్చింది. అది అన్నం అడగదు, ఆటోలో చోటు అడగదు. జనార్దనయ్య పెంచలయ్యకు తాంబూలం ఇచ్చి పిలవడం మానేశాడు. మానేస్తున్నానని చెప్పను కూడా చెప్పలేదు. ముహూర్తాలు వచ్చాయి, తాంబూలం రాలేదు, అంతే. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

లిఖితకు నాకంటే ఎక్కువ మండింది. మండి ఊరుకునే రకం కాదు. సొంతంగా సింథసైజర్ కట్టడం మొదలుపెట్టింది. బజార్లో దొరికే కీబోర్డు కాదు. కరెంటు నుంచి స్వరం పుట్టించే బోర్డు ఒకటి, దాన్ని గరుకుగానో మెత్తగానో మార్చే బోర్డు ఒకటి, హెచ్చించి తగ్గించేది ఇంకొకటి. దేనికది విడిగా చేసి, వైర్లతో ఎట్లా కావాలంటే అట్లా కలుపుకునే యంత్రం. పాడైన టీవీల లోపలి సామాను, చచ్చిన యూపీఎస్ ట్రాన్స్‌ఫార్మరు, పాత ఫ్రిజ్ తలుపు కోసిన రేకులు. తిప్పే నాబులు మాత్రం ఉదయగిరిలో చెక్క చెంచాలు చేసేవాళ్ళతో చెక్కించుకుంది.

కొట్టుకు వచ్చినవాళ్ళు ఊరికే ఉంటారా, సన్నాయి నొక్కులు నొక్కారు. "ఫోన్లో యాప్ ఉండాది గదమ్మా, ఇంత సామాను ఎందుకు?" అని ఒకాయన. "పెళ్ళీడు పిల్లకు ఈ వైర్లేంది?" అని ఒకామె.

"మీ మిక్సీ అయిపోయింది, తీసుకుపోండి," అనేది లిఖిత తల ఎత్తకుండా.

ఒకరోజు పెంచలయ్యే వచ్చి చూశాడు. "ఒక పెట్టె వచ్చి నన్ను లేపేసింది. నువ్వు ఇంకా పెద్ద పెట్టె చేస్తివా?"

"ఆ పెట్టెకు మనిషి అక్కర్లేదు నాయనా. దీనికి కావాల. నువ్వే మేళంలో కూచుని తిప్పు."

"కూచోను," అన్నాడాయన. ఆ పిల్లకు మొండితనం ఎక్కడినుంచి వచ్చిందో నాకు అప్పుడు అర్థమైంది.

ఇంతలో చేజర్లలో శ్వేత పెళ్ళి కుదిరింది. పెద్ద రైతుల బిడ్డ, లిఖితతో చదువుకుంది. లిఖిత మిషన్ మోగితేనే పీటల మీద కూచుంటానని ఇంట్లో తేల్చి చెప్పింది. జనార్దనయ్య కాదనలేక ఒప్పుకుని ఒక మెలిక పెట్టాడు. "శ్రుతి జారిందంటే తీసేస్తాను పాపా. ఆ తర్వాత మిషన్ పేరు గానీ, మీ నాయన పేరు గానీ నా దగ్గర ఎత్తకూడదు."

"ఎత్తను మామా," అంది లిఖిత. పోయేది మిషన్ ఒక్కటే కాదని తెలిసే అంది.

పొద్దున కొట్టులో ఫ్యాను కింద స్వరం సరిచూసుకుని మిషన్ తెచ్చింది. పొరపాటు అక్కడే జరిగింది. చేజర్లలో మండపం రేకుల షెడ్డు, ఎండాకాలం, మేళం పక్కనే హోమం. వేడికి మిషన్ స్వరం కిందికి జారింది. సన్నాయి స్వరం ఊదేకొద్దీ వేడెక్కి పైకి పోతుంది. కాసేపటికి నాకే వినబడింది, చెవిలో ఈగ దూరినట్టు. లిఖిత నాబ్ తిప్పితే ఎక్కువైంది, వెనక్కి తిప్పితే తక్కువైంది. జనార్దనయ్య సన్నాయి నోట్లోంచి తియ్యకుండానే కళ్ళతో సైగ చేశాడు. డోలు వరదయ్య ప్లగ్గు వైపు చెయ్యి చాపాడు.

"ముట్టుకోవద్దు," అని లిఖిత ప్లగ్గుకు చెయ్యి అడ్డం పెట్టింది.

పెంచలయ్య చివరి వరస కుర్చీలో ఉన్నాడు. భోజనానికి వచ్చాను, మేళానికి కాదు అని పొద్దున నాతో కరాఖండిగా చెప్పిన మనిషి. లేచి, తువ్వాలు భుజాన వేసుకుని, జనం మధ్యనుంచి వచ్చి, కూతురితో "జరుగు" అన్నాడు.

చెక్క నాబ్ మీద రెండు వేళ్ళు పెట్టాడు. తిప్పినట్టే కనబడలేదు. ఈగ పోయింది. సన్నాయి ఎక్కినప్పుడల్లా ఆ వేళ్ళు వెంట్రుకవాసి కదిలేవి. ఇన్నేళ్ళూ ఆయన ఒకే చోట ఆగిపోయి ఊదాడని నేనూ అనుకున్నాను. కాదు, పెదవితో సన్నాయి వెంటే నడిచాడు. శ్రుతి పెట్టె నడవదు. అది వచ్చినప్పటినుంచి జనార్దనయ్యే దవడలు బిగించి స్వరాన్ని కిందికి లాక్కుంటున్నాడు. ఆ పెళ్ళిలో ఆయన దవడలు వదులయ్యాయి, నా కెమెరాలో ఉంది. లిఖిత ఏడుస్తోంది. నాకూ కళ్ళు తడిసి, తలంబ్రాల ఫోటోలు కొన్ని మసకగా వచ్చాయి.

భోజనాలయ్యాక జనార్దనయ్య తాంబూలం పట్టుకుని లిఖిత దగ్గరికి వచ్చాడు. "వచ్చే వారం కొండాపురంలో పెళ్ళుండాది పాపా. మిషన్ తీసుకురా."

లిఖిత చేతులు వెనక్కి పెట్టుకుంది. "మిషన్‌కు తాంబూలమేంది మామా. కూచునే మనిషికియ్యి."

మేళం పెద్ద తాంబూలం ఇస్తుంటే శ్రుతివాడు లేచి వచ్చి, వంగి అందుకోవడం మేళంలో పద్ధతి. పెంచలయ్య చాప మీద కూచుని వైర్లు చుడుతున్నాడు. జనార్దనయ్య పిలిస్తే విన్నాడు, చూశాడు, లేవలేదు. చివరికి జనార్దనయ్యే నడిచి వెళ్ళి, వంగి తాంబూలం చాపాడు.

పెంచలయ్య అందుకోలేదు. "మైకులో నా పేరు చదవాల బావా. చదివితేనే వస్తాను."

"కొండాపురంలో చదివిస్తాలేరా."

"మైకు ఇంకా తియ్యలేదు మామా," అంది లిఖిత.

జనార్దనయ్య ఆమె వైపు ఒకసారి, మైకు వైపు ఒకసారి చూశాడు. వెళ్ళి తానే మైకు పట్టుకుని, గొంతు సవరించుకుని, సగం ఖాళీ అయిన మండపంలో చదివాడు. "సన్నాయి, జనార్దనయ్య. డోలు, వరదయ్య. శ్రుతి, పెంచలయ్య."

విస్తళ్ళు తీస్తున్నవాళ్ళు తలెత్తి చూశారు. పెంచలయ్య అప్పుడు చెయ్యి చాపాడు.