ఫ్లెక్సీ చూసి రాసిన పేరు

ఆ రోజుల్లో మా ఇబ్రహీంపట్నం వైపు భూముల ధరలు పెరిగినంత జోరుగా ఫ్లెక్సీల సైజూ పెరిగేది. పెళ్లికీ ఫ్లెక్సీయే, చావుకీ ఫ్లెక్సీయే. నేను తొమ్మిదిలో బడికి దండం పెట్టేసి (బడి కూడా నాకు తిరిగి దండం పెట్టింది) పాటక్క జట్టులో మైకు పట్టుకుని తిరిగేవాణ్ని. పాటక్క అంటే నాట్లేసే మళ్లలో గొంతు విప్పి, క్యాసెట్లతో చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలిసిన మనిషి. వెంచర్ల ప్రారంభాలకు హుషారు పాటలు పాడినా, ఆమెకు పేరు తెచ్చినవి దినాల పాటలే. పోయినవారి పేరు కలిపి పాడిందంటే, వాళ్లతో ఏళ్లుగా మాటల్లేని దాయాదులు కూడా కళ్లు తుడుచుకునేవారు. ఆ పేరును ఇంటివాళ్లను అడిగి చీటీ మీద రాసివ్వడం నా పని.

ఆదిభట్ల దగ్గరి పల్లెలో ఒకరి పదకొండో రోజు. దిగీదిగగానే మటన్ వాసన. నా కాళ్లు అటే నడిచాయి. వాకిట్లో ఫ్లెక్సీ చూసి, అన్నిటికన్నా పెద్ద ఫొటో కింది పేరు రాసిచ్చేశాను.

"ఇంటోళ్లను అడిగినవా తమ్మీ?"

"అడిగిన అక్కా, నువ్వేం ఫికర్ జెయ్యకు."

ఆమె కళ్లు మూసుకుని, ఆ పేరు పెట్టి, "మమ్ముల ఇడిసి ఏడికి పోతివన్నా" అని ఎత్తుకుందో లేదో, ముందు కుర్చీలోని తెల్ల చొక్కా ఆయన దిగ్గున లేచాడు.

"నేనేడికి పోయిన? గీడనే ఉన్న గదా! పోయింది మా అన్న!"

సర్పంచ్ పదవి మీద కన్నేసిన ఆ తమ్ముడు ఫ్లెక్సీలో తన ఫొటో నిలువెత్తున వేయించుకుని, పోయిన అన్న ఫొటోను మూలకు సర్దాడు. జనం గొల్లుమన్నారు. పోయినాయన భార్య మాత్రం నవ్వలేదు. "మా ఇంటాయన పేరు గూడ తెల్వకుంటనే ఏడ్పిస్తున్నవా అమ్మా?" అంది.

చెప్పాల్సింది నేను. మైకు వైరు సర్దుతూ తల వంచుకున్నాను. పాటక్క చీటీని గుప్పిట్లో నలిపేసి, "తప్పు నాదే అక్కా, నోరు జారింది" అని, అసలు పేరు అడిగి మళ్లీ పాడింది. ఎవరూ ఏడవలేదు.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. మర్నాడు చాయ్ హోటల్లో, "మా అక్క పాడితే బతికున్నోడు గూడ లేసి నిలబడ్తడు!" అని నవ్వించాను. (చీటీ సంగతి మింగేశాను.) ఆ మాట ఊళ్లన్నీ తిరిగింది. ఆ ఏడాదంతా దినాలకు ఆమెను పిలిచినవారు లేరు. ఆ గొంతు ఒక హోటల్లో ఉల్లిగడ్డలు కోస్తూ గడిపింది.

ఏళ్లు గడిచాయి, నేను పెళ్లిళ్లలో మైకు పట్టి జనాన్ని నవ్వించేవాణ్నయ్యాను. మొన్నొక పెళ్లిలో ఇంటివాళ్లను పెళ్లికొడుకు పేరు మూడోసారి అడుగుతున్నాను. వెనక నుంచి జీరబోయిన గొంతు వినిపించింది.

"ఫ్లెక్సీ మీద పెద్దగనే ఉన్నది గదా తమ్మీ, సూసి రాసుకో."

పాటక్క! నేను ఫ్లెక్సీ చూసి రాశానని తెలిసే ఆ రోజు చీటీని గుప్పిట్లో దాచిందన్నమాట. ఆమె నవ్వుతోంది. జీవితమంతా జనాన్ని నవ్వించిన నాకు నవ్వడం చేతకాలేదు. పెళ్లికొడుకు పేరు మాత్రం నాలుగోసారి అడిగాను.