ముడుపులో నా రేకుబిళ్ళ

చిత్తూరు బస్టాండు పక్కన నాకో కాఫీ అంగడి ఉంది. అప్పట్లో కాఫీ తొమ్మిది రూపాయలు. అందరూ పది నోటే చాపేవాళ్ళు. రోజూ అన్ని రూపాయి బిళ్ళలు నేనెక్కడ తెచ్చేది? చాక్లెట్ ఇస్తే తిట్టారు. విసుగెత్తి నా సొంత నాణెం నేనే కొట్టించాను. రూపాయంత రేకుబిళ్ళ, మీద కాఫీ గ్లాసు బొమ్మ. మళ్ళీ వచ్చినప్పుడు అది ఇస్తే రూపాయి తగ్గిస్తాను. పక్కనున్న అరటిపళ్ళ బండివాడు, జిరాక్స్ అంగడివాడు కూడా దాన్ని తీసుకోవడం మొదలుపెట్టేసరికి నాకు కొమ్ములొచ్చాయి. చంద్రగిరి రాజుల తర్వాత ఈ జిల్లాలో నాణెం వేసింది నేనేనని వచ్చినవాళ్ళందరికీ కోతలు కోసేవాణ్ణి.

అంగడి ముందు పూలమ్మే అవ్వ ఒకరోజు పసుపుగుడ్డ పట్టుకుని ఊగిపోతూ వచ్చింది. మోకాళ్ళ నొప్పి తగ్గితే నడిచి కొండెక్కి ముడుపు చెల్లిస్తానని ఏడాది కిందట మొక్కుకుని, ఓ రూపాయి అందులో మూటగట్టింది. నొప్పి తగ్గింది. మర్నాడే ప్రయాణం. ఇంకో పది రూపాయలు చేర్చి కడదామని విప్పితే లోపల కాఫీ గ్లాసు!

“నా కండ్లు మసకని తెలిసీ ఈ బిళ్ళ అంటగట్టినావా? ఆయప్ప వడ్డీకాసులోడు. ఈ రేకుముక్కకు వడ్డీ ఎట్ట లెక్కేసేది? స్వామి కొండ దిగి నీ అంగట్లో కాఫీ తాగాల్నా?”

నేను పగలబడి నవ్వాను. ఆమె నవ్వలేదు. మోకాలు పట్టుకుని మెట్టు మీద కూలబడింది.

“మొక్కు చెల్లకపోతే నొప్పి మళ్ళా వస్తాదప్పా. పొద్దున్నే పూల మార్కెట్టుకు ఎట్ట నడిచేది? నన్ను ఎవురు సూస్తారు?”

నాకు చచ్చేంత సిగ్గేసింది.

మర్నాడు అంగడి మూసి, ఆమెతోపాటు అలిపిరిలో మెట్లెక్కడం మొదలుపెట్టాను. సగం దారికే నా మోకాళ్ళు మొరాయించాయి. ఆమె మాత్రం, “బిళ్ళలు కొట్టించినప్పుడుండిన బలం యాడ పోయిందప్పా?” అంటూ ముందు నడిచింది. హుండీలో అసలైన రూపాయి, దానితోపాటు పది వేసింది. నా బిళ్ళను కళ్ళకద్దుకుని కొంగున ముడేసుకుంది.

ఆ శనివారం వచ్చి బిళ్ళను బల్లమీద పెట్టింది.

“ఏడాది పాటు స్వామి పేరున ఉండింది ఇది. వడ్డీ పెరిగి కాఫీ అయింటాది. పొయ్యి.”

పోశాను. ఏం చేస్తాను మరి! తీరిగ్గా తాగి, గ్లాసు పెట్టి, బిళ్ళను మళ్ళీ కొంగున కట్టుకుంది.

“అదేంది అవ్వా, బిళ్ళ ఇచ్చి పో!”

“ఇది అసలప్పా. నేను తాగింది వడ్డీ.”

మిగతా బిళ్ళలన్నీ ఆ వారమే రూపాయలిచ్చి వెనక్కి తీసుకున్నాను. ఆ ఒక్కటి మాత్రం ఇంకా ప్రతి శనివారం నడిచి వస్తూనే ఉంది.