జిగురులో మొదటి గరిటె

మా మావయ్యగారు బైండరు. పాత పుస్తకాలకు కొత్త అట్టలు వేస్తారు. నలభై ఏళ్లుగా అదే గది, అదే చెక్క ప్రెస్సు, అదే దబ్బనం. ఆయన కుట్టిన పుస్తకం ఎక్కడి నుంచి పడినా ఒక్క కాగితం ఊడదు. ఈ మాట ఆయన అనరు, నేనే అంటాను. చూద్దామని ఒకసారి మేడమెట్ల మీంచి పడేశాను కూడా.

ఆయన దగ్గరే నేను పని నేర్చుకున్నాను. కాపురానికి వచ్చిన ఏడాదే నాకు టైఫాయిడ్ వచ్చి మూడు నెలలు మంచం దిగలేదు. అప్పటికి అత్తయ్య లేదు. మా ఆయన బస్సు డ్రైవరు, తెల్లవారకముందే వెళితే చీకటి పడ్డాకే ఇల్లు చేరేది. వంట, నా మందులు, బైండింగు, అన్నీ మావయ్యగారే చూసుకున్నారు. గుడ్డు పెట్టమని డాక్టరు చెప్పాడని, రోజు విడిచి రోజు ఒకటి ఉడికించి తెచ్చి పక్కన పెట్టేవారు. రోజూ ఎందుకివ్వరని నేను ఆ నీరసంలో కూడా సణిగేదాన్ని. లేచి తిరగగలిగాక ఊరికే కూర్చోలేక కుట్టబోయే అచ్చుకాగితాల ఫారాలు మడవడం మొదలుపెట్టాను. ఇప్పుడు కుట్టుపనిలో సగం నాదే. నోరు మాత్రం పూర్తిగా నాదేనని ఆయన అంటుంటారు.

ఇంత పనిమంతుడికీ ఒక పిచ్చి ఉంది. అది మా పెరట్లో తిరిగే ముసలి కోడి. ఆయన దాన్ని ‘అమ్మడూ’ అని పిలుస్తారు. నేను మాత్రం పెన్షనరమ్మ అంటాను. గుడ్డు పెట్టడం మానేసి రెండేళ్లయింది. ఒక కన్ను మసక, జుట్టు ఒక పక్కకి వాలిపోయింది. గోళ్లు పెరిగి నడవలేకపోతుంటే, పుస్తకాల అంచులు నున్నగా రుద్దే గరుకు కాగితంతో మావయ్యగారు వాటిని అరగదీస్తారు. అది గూటిలోకి ఎగరలేదని మందపాటి అట్టలు మూడు అతికించి ఏటవాలు బాట కట్టారు. పడుకోవడానికి, పుస్తకాల అట్టలకు అంటించే కాలికో గుడ్డ ముక్కల పరుపు. నాకైనా అంత మెత్తని పరుపు లేదు.

“మావయ్యగారూ, కోడిని పెంచుకుంటూ గుడ్లు కొనుక్కునే ఇల్లు ఈ వీధిలో మనదొక్కటే” అన్నానొకసారి.

“కొనుక్కుంటున్నాం కదమ్మా, తినడం మానేశామా?” అని ఆయన సూదిలో దారం ఎక్కించుకున్నారు.

మా ఇంట్లో పని జిగురుతో మొదలవుతుంది. మైదాలో నీళ్లు పోసి, ఉండకట్టకుండా కలుపుతూ సన్నటి మంట మీద ఉడికించాలి. దించేముందు అందులో మైలుతుత్తం వెయ్యాలి. నీలంగా రాళ్లుప్పులా ఉంటుంది, విషం. అది పడితేనే పుస్తకాలకు పురుగు పట్టదు. మావయ్యగారు ఆ డబ్బా మూత తియ్యకముందే ఒక గరిటె జిగురు పక్కకు తీస్తారు. అది అమ్మడి వాటా. చల్లారాక తవుడు, సన్నగా తరిగిన ఆకుకూర కలిపి మెత్తగా పెడతారు. ముసలిదానికి గింజలు అరగవు మరి. పని ఎంత నెత్తి మీదున్నా సరే, ఆ గరిటె తియ్యకుండా ఆయన డబ్బా ముట్టుకోగా నేను చూడలేదు.

ఆ రోజు కాలేజీ లైబ్రరీకి అరవై పుస్తకాలు ఇవ్వాలి. సగం తయారయ్యాయి. వాటిని ఆటోలో వేసుకుని వెళుతూ మావయ్యగారు, “జిగురు నువ్వు ఉడికించమ్మా, అమ్మడికి కాస్త పెట్టు” అన్నారు.

నేను హడావిడిలో ఆ గరిటె పక్కకు తియ్యకముందే మైలుతుత్తం వేసేశాను. గిన్నె దించాక పెన్షనరమ్మ గడప దగ్గరకొచ్చి కొక్కొక్కోమని అడగడం మొదలుపెట్టింది. అప్పుడు గుర్తొచ్చింది. గిన్నెలోకి చూస్తే జిగురు లేత నీలంగా ఉంది. దీనికోసం మళ్లీ పొయ్యి వెలిగించాలా అని ఒళ్లు మండింది. గుడ్డు పెట్టని దానికి వేరే వంట కూడానా! చిటికెడే కదా, ఏమవుతుందిలే అనుకున్నాను. పైనున్న మంచి జిగురు పుస్తకాలకు కావాలి కాబట్టి అడుగుది గీకి, తవుడులో కలిపి పడేశాను. కరగని రాళ్లు అడుగునే ఉంటాయని ఇన్నేళ్లు పనిచేసినదాన్ని నాకు తెలియదా? తెలుసు. ఆ నిమిషం గుర్తు తెచ్చుకోవాలనిపించలేదు, అంతే.

మధ్యాహ్నం మావయ్యగారు వచ్చేసరికి అది గోడవారగా రెక్కలు వాల్చి కూలబడి ఉంది. నోట్లోంచి తీగలా చొంగ. మెడ నిలబడటం లేదు. ఆయన చెప్పులు కూడా విడవకుండా దాన్ని అట్టపెట్టెలో పెట్టుకుని వీధి చివర పశువుల డాక్టరు దగ్గరికి నడిచారు. నేను వెనకే వెళ్లాను. ఇంట్లో ఉండబుద్ధి కాలేదు.

డాక్టరు కోడి కనురెప్పలు పైకెత్తి చూశాడు. “బాగా ముసలిది కదండీ. ఏదో జ్వరంలా ఉంది. ఇంజక్షన్ చేసి చూద్దాం. పొద్దున ఏం తింది?”

“రోజూ తినేదే డాక్టరుగారూ. ఇవాళ మా కోడలు పెట్టింది. ఆమె పెడితే నేను పెట్టినట్టే.”

నోరు మూసుకుంటే చాలు, ముసలి కోడి ముసలితనంతో పోయిందంటారు. ఎవరికీ అనుమానం రాదు. నోరు మూసుకోవడం నా జన్మలో ఎప్పుడూ అంత సులువుగా కనిపించలేదు. డాక్టరు సూదిలోకి మందు ఎక్కిస్తున్నాడు. మావయ్యగారు కోడి వీపు నిమురుతున్నారు.

“మైలుతుత్తం పడిన జిగురు పెట్టాను” అన్నాను. “చూసుకోక కాదు. చూసే పెట్టాను.”

డాక్టరు సూది పక్కన పడేశాడు. “ఆ మాట ముందు చెప్పాలి కదమ్మా! గుడ్లు తీసుకురా. తెల్లసొన పడితే కొంత విషాన్ని అది పట్టేసుకుంటుంది. పరుగెత్తు!”

పరుగెత్తాను. కొట్టువాడు డజను కావాలా, అరడజను కావాలా అని అడుగుతుంటే దొరికినన్ని కొంగులో వేసుకుని వచ్చేశాను. వాటిలో రెండు దారిలోనే పగిలిపోయాయి.

సాయంత్రం దాకా డాక్టరుగారి వరండాలో బల్ల మీద కూర్చున్నాం. నేను మెడ పట్టుకుంటే, మావయ్యగారు గిలకొట్టిన తెల్లసొన చెంచాతో చుక్కచుక్కగా దాని నోట్లో వేశారు. పుస్తకం వీపుకి జిగురు రాసేటప్పుడు ఎంత ఓపికో, అంతే ఓపిక. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడం నేను భరించలేకపోయాను.

“తిట్టండి మావయ్యగారూ.”

“తిడితే దానికి తగ్గుతుందా? మెడ కాస్త పైకెత్తు.”

“అసలు దీనికోసం మీకింత ఆరాటం ఎందుకు?” అన్నాను. ఏడుపు కూడా కోపంలాగే వస్తుంది నాకు.

ఆయన చెంచా తుడుచుకున్నారు. “నీకు జ్వరమొచ్చినప్పుడు గుడ్డు రోజూ ఎందుకివ్వరని పోట్లాడేదానివి, గుర్తుందా?”

“ఉంది.”

“అది రోజు విడిచి రోజే పెట్టేదమ్మా.”

నా చేతుల్లో ఆ మెడ వెచ్చగా కొట్టుకుంటోంది. “ఇన్నేళ్లలో ఒక్కసారైనా చెప్పలేదేం?” అన్నాను.

“చెబితే నీకు దాన్ని చూసినప్పుడల్లా అదే గుర్తొచ్చేది. నా కోడి, నేను చూసుకుంటున్నాను. మధ్యలో నీకెందుకా బరువు?”

చీకటి పడుతుండగా అది తనంతట తాను తల నిలిపింది. మసక లేని కంటితో నన్ను చూసింది. ఇంటికి వచ్చేదాకా పెట్టె నేనే మోశాను.

వచ్చాక మైలుతుత్తం డబ్బాను తీసుకెళ్లి అటక మీద, నాకు అందనంత లోపలికి కర్రతో తోసేశాను. ఇక జిగురు జోలికి వెళ్లకూడదనుకున్నాను. ఆయన కూడా నన్ను వెళ్లనివ్వరనే అనుకున్నాను. ఎవరైనా అదే చేస్తారు.

మర్నాడు పొద్దున లేచేసరికి మావయ్యగారు నిచ్చెన దిగుతున్నారు. చేతిలో డబ్బా ఉంది. దాన్ని తెచ్చి పొయ్యి పక్కన, ఎప్పుడూ ఉండే చోటే పెట్టారు.

“ముప్ఫై పుస్తకాలు మిగిలాయి. నేను అట్టలు కోస్తుంటాను, నువ్వు జిగురు ఉడికించమ్మా” అని, వెనక్కి తిరిగి చూడకుండా ముందు గదిలోకి వెళ్లిపోయారు.

నేను గిన్నె పొయ్యి మీద పెట్టాను. పక్కనే ఒక చిన్న గిన్నె కడిగి పెట్టుకున్నాను.